నడక తక్కువ, నిలబడటం ఎక్కువ: హనుమకొండ గుట్టలు, చెరువు కట్ట చూసే పద్ధతి

హైదరాబాద్ వాళ్లకు కేబీఆర్ పార్కు ఉంది. 1998లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. కంచె, గేటు, టికెట్టు, నడవడానికి బాట అన్నీ ఉంటాయి. మన వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో టికెట్టు కొనుక్కుని చెట్ల మధ్యకు పోవాలంటే హంటర్ రోడ్డులోని జూపార్కు గుర్తొస్తుంది, మనం వన విజ్ఞాన కేంద్రం అని పిలుచుకునేది. మిగిలిన అడవంతా గుడి వెనక, చెరువు పక్కన, కాలనీల నడుమ మిగిలిపోయిన గుట్టల మీద ఉంది. బోర్డు లేదు కాబట్టి చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు.

నేను తీసుకుంటాను. కరెంటు లైన్‌మన్‌గా రిటైరైన మనిషిని. ఉద్యోగం ఉన్నన్నాళ్లు తీగల కోసం తల పైకెత్తి తిరిగాను. ఇప్పుడు తీగల మీద కూర్చున్నవాటి కోసం తిరుగుతున్నాను. మా కాలనీలో పిల్లలున్న ఇళ్లవాళ్లు "మమ్మల్నీ తీసుకుపో అంకుల్" అంటుంటారు. తీసుకుపోవడం కంటే మీ అంతట మీరు పోవడం నేర్చుకుంటే మంచిదని నా ఉద్దేశం. పదిమంది గుంపులో పోతే కనపడేది ముందు నడిచేవాడి వీపే.

ముందు పద్ధతి

మాకు లైన్ పెట్రోలింగ్ అని ఒక పని ఉండేది. వానాకాలం రాకముందే లైన్ వెంట కాలినడకన పోవాలి. ఒక్కో స్తంభం దగ్గర ఆగి ఇన్సులేటర్ (తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నె) పగిలిందా, జంపర్ (రెండు తీగలను కలిపే ముక్క) వదులైందా, కొమ్మ ఏదైనా తీగకు తగులుతోందా అని చూడాలి. గబగబా నడిచినవాడికి లైన్ అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి గాలివానకు ఫీడర్ ట్రిప్పయి కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది వాడు ఎంత బాగా చూశాడో.

గుట్ట మీద కూడా ఇదే నడక. వంద అడుగులు వేయండి, ఐదు నిమిషాలు నిలబడండి. మళ్లీ వంద అడుగులు. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు, విసుగొస్తుంది. మీ అలికిడికి నోరు మూసుకున్న పిట్టలు ఆ తర్వాత మెల్లగా మొదలుపెడతాయి. బండ పగుల్లోకి దూరిన తొండ తల బయటపెడుతుంది. గంటన్నరలో అర కిలోమీటరు నడిస్తే చాలా నడిచినట్టే. అడుగులు లెక్కపెట్టే వాచీ ఉంటే ఇంట్లో వదిలేసి రండి. దానికి పదివేలు చూపించాలని మనసులో పడిందంటే ఇక మీరు చూడటానికి వచ్చినవాళ్లు కాదు, వాకింగ్‌కు వచ్చినవాళ్లు. వాకింగ్ మంచిదే, కానీ అది వేరే పని.

రెండో సంగతి: ఒకే చోటికి మళ్లీ మళ్లీ పోండి. ఆదివారానికో కొత్త జాగా వెతుక్కుంటే ప్రతి చోటా మీరు కొత్తవాళ్లే. ఒక గుట్టను వాన ముందు, వాన తర్వాత, చలిలో, ఆకు రాలినప్పుడు చూస్తే ఏ చెట్టు ఎక్కడుందో, ఏ కొమ్మ మీద ఎవరు కూర్చుంటారో తెలిసిపోతుంది. అప్పుడు కొత్తగా వచ్చిందేమిటో దానంతట అదే కంట్లో పడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటే వన విజ్ఞాన కేంద్రం. నీడ ఉంది, కూర్చోవడానికి వీలుంది, పిల్లలు తప్పిపోతారన్న టెన్షన్ ఉండదు. సెలవు రోజు, గేటు తీసే సమయం ముందే కనుక్కోండి. అక్కడ నేను చెప్పేది ఒకటే: పంజరాల్లో ఉన్నవాటిని ఒక చుట్టు చూసేసి, ఆ పంజరాల మీద కొమ్మల్లో ఉన్నవాటిని చూడండి. వాటిని ఎవరూ తెచ్చి పెట్టలేదు.

అసలు పాఠం భద్రకాళి చెరువు దగ్గర మొదలవుతుంది. హనుమకొండకూ వరంగల్‌కూ నడుమ ఉన్న కాకతీయుల నాటి చెరువు. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువ నీళ్లు దీనిలోకి వస్తాయి, ఊరు తాగిన నీళ్లు ఇవి. గుడికి వచ్చినవాళ్లు కట్ట మీద పది నిమిషాలు నిలబడి, సెల్ఫీ దిగి పోతారు. మీరు తెల్లారేసరికి అక్కడుండండి. మే నెలలో ఐదున్నరకే వెలుగొస్తుంది, డిసెంబరులో ఆరున్నర దాకా ఆగాలి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ఎదురు ఎండలో చూస్తే ప్రతి పిట్టా నల్లగానే ఉంటుంది, నీటికాకి ఏదో బాతు ఏదో తెలియదు.

మొదట నీళ్లలో కాకుండా ఒడ్డున చూడండి. నీళ్లూ బురదా కలిసే చోటే మేత ఎక్కువ. తెల్ల కొంగలు, వాటి వెనక బూడిదరంగు నారాయణ పక్షి, కాలు కదపకుండా నిలబడి ఉంటుంది. అది మనకంటే బాగా పెట్రోలింగ్ చేస్తుంది. గుర్రపుడెక్క పెరిగిన చోట ఆకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పిట్టలు, నీలిరంగు నీటికోళ్లు ఉంటాయి. గుర్రపుడెక్క చెరువుకు పట్టిన రోగమే, అందులో అనుమానం లేదు. కానీ దాంట్లో కాపురం పెట్టినవాళ్లూ ఉన్నారు. నీటికాకి మునిగి లేచాక రెక్కలు చాపి ఎండలో ఆరబెట్టుకుంటుంది. మిగతా నీటి పక్షులంత గట్టిగా దాని ఈకలు నీళ్లను ఆపలేవు. అందుకే మునగడం తేలిక, ఆరడం కష్టం.

2024 చివరలో పూడిక తీయడానికి ఈ చెరువు నీళ్లు బయటికి వదిలారు. చెరువు ఎండిందని చాలామంది బాధపడ్డారు. పిట్టలు చూసేవాళ్లకు మాత్రం ఒక మాట: ఏ చెరువైనా నీళ్లు తగ్గి బురద బయటపడిన రోజుల్లో తప్పకుండా పోయి చూడండి. నిండు చెరువులో దొరకని మేత ఆ బురదలో ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలిదేశాల నుంచి వచ్చిన పిట్టలు కూడా అలాంటి అంచుల్లోనే తిరుగుతాయి. తోక పైకీ కిందికీ ఆడిస్తూ ఉరికే సన్నటి పిట్ట కనపడిందంటే చలికాలం వచ్చిందనుకోండి.

ఇక తీగల సంగతి. కట్ట దిగి రోడ్డు పట్టాక కూడా తల పైనే ఉండనివ్వండి. తీగ మీద నల్లగా, తోక చివర రెండుగా చీలి కనిపించేది పసులపోలిగాడు. గేదెల వీపు మీద సవారీ చేస్తుంది, తనకంటే ఎంతో పెద్ద గద్దను కూడా తరిమికొడుతుంది. ముదురు గోధుమ తల, తెల్లటి గొంతు, నీలం వీపు ఉన్నది లకుముకి పిట్ట. చెరువు పక్క తీగ మీద పొద్దున్నే దొరుకుతుంది. ఎండు చేల మీదుగా పోయే తీగ మీద ఒంటరిగా, మట్టిరంగులో, ఏ అందమూ లేనట్టు కూర్చున్న పిట్ట కనపడితే కదలకండి. అది లేచిందంటే రెక్కల్లో నీలం మొత్తం ఒక్కసారి విచ్చుకుంటుంది. అది పాలపిట్ట, మన రాష్ట్ర పక్షి. దసరా నాడు పాలపిట్టను చూడటం మన దగ్గర ఆనవాయితీ. దాని కోసం దాన్ని పట్టి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లున్నారు. వాళ్లకు రూపాయి ఇవ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడమే నేరం. తీగ మీద ఊరికే కూర్చుని ఉంటే, డబ్బులిచ్చి చూడటం ఎందుకు?

"తాతా, దానికి షాక్ కొట్టదా?" అని మా మనవడు అడిగాడు. పిల్లలందరూ అడుగుతారు కాబట్టి సమాధానం దగ్గర పెట్టుకోండి. రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి. ఆ రెండు కాళ్ల మధ్య వోల్టేజీ తేడా దాదాపు ఉండదు, కాబట్టి కరెంటు దాని ఒంట్లోంచి పోదు. అదే పెద్ద రెక్కలున్న గబ్బిలం ఒకేసారి రెండు తీగలకు తగిలిందంటే అక్కడికక్కడే పోతుంది. తీగకు వేలాడుతూ ఎండిపోయిన గబ్బిలాలను సర్వీసులో చాలాసార్లు దించాను.

గుట్ట ఎక్కేటప్పుడు

హనుమకొండలోని పద్మాక్షి గుట్ట గురించి ఒక పుస్తకం రాయొచ్చు, నేను రాయను. గుడికి పోయే దారిలో మెట్లున్నాయి, కాబట్టి కొత్తవాళ్లకు తేలిక. జైన తీర్థంకరుల బొమ్మలు బండ మీదే చెక్కి ఉన్నాయి, 1117 నాటి శాసనం ఉన్న రాతి స్తంభం ఉంది. వేయి స్తంభాల గుడి కట్టింది 1163లో. అంటే అంతకుముందు నుంచే ఈ గుట్టకు జనం ఎక్కుతున్నారు. శాసనాల మీద సుద్దముక్క రుద్దకండి, నీళ్లు పోయకండి. అక్షరాలు చదవాలంటే పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడండి. నీడలు పడి గీతలు వాటంతటవే తేలతాయి. సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి పట్టినా అంతే.

ఆ రాయి మాత్రం అన్ని శాసనాల కంటే పాతది. మన తెలంగాణ గుట్టల గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో కరిగి గడ్డకట్టినది. పైనున్నదంతా అరిగిపోయాక బయటపడింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న గుండ్లు చూసి పిల్లలు భీముడి కథలు చెప్తారు, చెప్పనివ్వండి. తర్వాత అసలు సంగతి కూడా చూపించండి. పెద్ద బండలో అడ్డంగా, నిలువుగా పగుళ్లుంటాయి. ఆ పగుళ్లలోకి వాననీరు దిగి రాయిని మెత్తబరుస్తుంది. మూలలకు రెండు మూడు పక్కల నుంచి నీరు తగులుతుంది కాబట్టి అవే ముందు రాలతాయి, నలుచదరం గుండ్రమవుతుంది. పొరలుగా ఊడుతున్న బండ ఎక్కడైనా దొరుకుతుంది. చేత్తో తట్టి చూడండి, లోపల బోలుగా మోగుతుంది.

ఏ నెలలో ఏం చూడాలో పట్టిక వేయను, గుట్టే చెప్తుంది. నాకు ఇష్టమైన కాలం మృగశిర, ఆరుద్ర కార్తెలు. మొదటి వానలు పడ్డాక ఎర్ర మఖమలు గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీద పాకుతాయి. పిల్లలు చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ అక్కడే వదిలేయొచ్చు, అగ్గిపెట్టెలో మాత్రం వద్దు. పరుపు బండల మీది గుంతల్లో నీళ్లు నిలుస్తాయి, వాటిలో కప్పపిల్లలు ఈదుతుంటాయి. ఆ గుంత ఎండేలోపు వాటికి కాళ్లు రావాలి, వాటిది పెద్ద పరుగు. ఒక గుంతను గుర్తుపెట్టుకుని వారానికోసారి చూస్తే అంతకంటే మంచి సైన్సు క్లాసు లేదు.

వానలు వెనకబట్టాక తంగేడు పూస్తుంది, గునుగు తెల్లబడుతుంది, బతుకమ్మ వస్తుంది. ఈ గుట్ట కిందే సద్దుల బతుకమ్మకు జనం నిండిపోతారు. పూలు కోసేవాళ్లు పూల వరకే కోయండి, కొమ్మలు విరిచి తేకండి. సీతాఫలాలు ఆ రోజులవే. పండింది దొరికితే తినండి, గింజలు అక్కడే ఉమ్మేయండి. హోలీ ముందు ఆకు రాల్చిన మోదుగ ఒళ్లంతా ఎర్రగా పూస్తుంది. పొద్దున ఆ చెట్టు కింద నిలబడితే చాలు, తేనె కోసం గోరింకలు, చిలుకలు, పికిలిపిట్టలు అన్నీ అక్కడికే వస్తాయి. నడవాల్సిన పనే లేదు. ఏప్రిల్, మే నెలల్లో రేల పసుపుగా వేలాడుతుంది. కానీ ఎనిమిదింటికల్లా గుట్ట దిగిపోండి. బండ వేడెక్కిందంటే పైనుంచి ఎండ, కింది నుంచి సెగ.

భయపడాల్సినవి, అక్కర్లేనివి

పాములంటే అందరికీ భయం. అది కొంత సబబే. రక్తపింజర మన దగ్గర ఉంది, రాళ్ల సందుల్లో చిన్న పింజర ఉంటుంది. కనపడని చోట చెయ్యి పెట్టకండి, కాలు పెట్టకండి. బండ ఎక్కేటప్పుడు పై అంచు మీద ఏముందో చూడకుండా వేళ్లు ఆనించకండి. గుట్ట కింద మేకలు మేపే ఒకామె నన్ను ఆపి, "లైన్‌మన్ సారూ, ఆ గుండు కిందికి పోకు, పింజరున్నది. నిన్న మా మేకపిల్ల బెదిరింది" అన్నది. "మంచిది చెల్లె" అని పక్క దారి పట్టాను. గుట్ట దగ్గర మేకలవాళ్లు, కట్టెలకొచ్చేవాళ్లు కనపడితే పలకరించండి. ఏ ఫోన్ యాప్‌కూ తెలియని విషయాలు వాళ్లకు తెలుసు.

ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ చేయకండి. మంత్రం దగ్గరికి అసలే వద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర ఆనించి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోన్ చేసి ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోండి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

నన్నడిగితే పాము కంటే తేనెటీగలతో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పెద్ద బండల కింది వైపు, ఎత్తైన చెట్ల కొమ్మలకు నల్లటి పెద్ద తుట్టెలు వేలాడుతుంటాయి. వాటి కింద పొగ పెట్టొద్దు, రాయి వేయొద్దు, అరుపులొద్దు, ఘాటు సెంటు పూసుకుని పోవద్దు. లేచాయంటే ముఖం కప్పుకుని వెంటనే దూరం పరుగెత్తాలి. పడుకోకూడదు, నీళ్లలో దూకకూడదు.

కోతులు ప్లాస్టిక్ కవరు చప్పుడు గుర్తుపడతాయి. తినేది భుజం సంచిలో లోపల పెట్టండి. మా ఇంటామె సర్వపిండి స్టీలు డబ్బాలో పెట్టిస్తుంది. డబ్బా చప్పుడు కోతికి ఇంకా తెలియదనుకుంటా, నాకు ఇబ్బంది రాలేదు. కట్ట మీద కుక్కలుంటాయి, చేతిలో కర్ర ఉంటే చాలు, ఊపాల్సిన పని లేదు. వానాకాలంలో బండ మీద నల్లటి మరక కనపడితే అది పాకుడు, దాని మీద కాలు పెట్టకండి. హవాయి చెప్పులు వద్దు, మందం అట్ట ఉన్న బూట్లు వేసుకోండి, సర్కారు తుమ్మ ముల్లు పలచటి చెప్పును దాటి లోపలికి దిగుతుంది.

చెప్పక తప్పని ఇంకో మాట. కొన్ని గుట్టల వెనక పగిలిన సీసాలుంటాయి, వాటిని పగలగొట్టినవాళ్లు కూడా సాయంత్రానికి చేరతారు. ఆడపిల్లలు ముగ్గురు నలుగురు కలిసి పొద్దున పూట పోవడం మేలు. పొద్దుగూకాక ఎవరికీ వద్దు. లైన్‌మన్ ఎవడూ ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, లేకుండా స్తంభం ఎక్కడు. సబ్‌స్టేషన్‌లో లైన్ బంద్ చేశామని నోటిమాట కాదు, రాతలో తీసుకుంటాడు. మీరూ ఇంట్లో చెప్పిపోండి: ఏ గుట్ట, ఏ వైపు నుంచి, ఎన్ని గంటలకు దిగుతాను. ఒక మెసేజీ చాలు.

గాలివాన మర్నాడు పోతే మాత్రం ముందు నేల చూసి నడవండి. పొదల మీద తీగ తెగి పడి ఉంటే అది చచ్చిన తీగ అనుకోకండి. దగ్గరికి పోవద్దు, కర్రతో కూడా కదపొద్దు. అప్పటికే దగ్గరగా ఉంటే పెద్ద అంగలు వేయకుండా, కాళ్లు నేలకు ఆనించి చిన్నచిన్నగా జరుపుకుంటూ వెనక్కి రండి. 1912కి ఫోన్ చేయండి, మావాళ్లు వస్తారు.

చేతిలో ఏముండాలి

నీళ్లు, టోపీ, కర్ర, చిన్న నోటుబుక్కు, పెన్సిల్. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8×42 అని రాసి ఉన్నది చూడండి. 8 అంటే అన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. మొదటి నంబరు 8 కంటే పెద్దదైతే చేతి వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది, నా వయసువాళ్లకు అసలు పనికిరాదు. ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకుంటే పిట్ట కూత విని పేరు చెప్తుంది. దాన్ని నమ్మండి గానీ కంటితో చూసేదాకా బుక్కులో రాయకండి. పిట్టను రప్పించడానికి ఫోన్‌లో దాని కూతే వినిపించేవాళ్లున్నారు. గూడు కట్టే కాలంలో అది పక్కింటివాడు తగాదాకు వచ్చాడనుకుని పని మానుకుని వెతుకుతుంది. అలా చేయకండి.

బుక్కులో తేదీ, సమయం, జాగా, ఎండా మబ్బా, ఏం చూశారు. పేరు తెలియకపోతే రంగు, పరిమాణం, ఏం చేస్తోందో రాయండి. "కాకికంటే చిన్నది, గోరింకకంటే పెద్దది" అని రాసినా చాలు, తర్వాత వెతుక్కోవచ్చు.

ఒక గుట్ట, ఒక చెరువు మీకు బాగా అలవాటయ్యాక పాకాల పోండి. గణపతిదేవుడి కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన చెరువు, చుట్టూ అభయారణ్యం. అక్కడ అటవీశాఖ చెప్పిన దారి దాటి లోపలికి పోకూడదు, గేటు దగ్గర అడిగి పోవాలి. నర్సంపేట దాకా బస్సు దొరుకుతుంది, అక్కడి నుంచి ఆటో. తిండి కట్టుకుని పోండి, తిరుగు ప్రయాణం సంగతి దిగేటప్పుడే ఆటో అతనితో మాట్లాడి పెట్టుకోండి. సాయంత్రం రోడ్డు మీద నిలబడి ఎదురుచూసే పని ఉండదు.